తాళాల గుత్తి చేతికొచ్చాక...

“ఇదిగోనమ్మా, ఈ గుత్తిలో ముప్ఫై ఒకటి ఉన్నాయి. లెక్క చూసుకుని సంతకం పెట్టండి.”

నాకు ముందు పనిచేసిన హెడ్మాస్టరు గారు బదిలీ మీద వెళుతూ అన్న మాట ఇది. లెక్క చూశాను. ముప్ఫై ఒకటీ ఉన్నాయి. “వీటిలో పదమూడింటికి తాళాల్లేవండి. తాళాలు పోయాయి, చెవులు మిగిలాయి. అయినా పారెయ్యకండి. ఆడిట్ వాళ్లొస్తే ముందు ఇవే అడుగుతారు” అన్నారాయన నవ్వుతూ. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వు బాగానే వచ్చింది!

అది 2025 జూన్. ఇరవై నాలుగేళ్లు లెక్కల టీచరుగా చేశాను. డిపార్ట్‌మెంటు పరీక్షలు ఎప్పుడో పాసయ్యాను. సీనియారిటీ లిస్టు వచ్చినప్పుడల్లా పైనుంచి కిందికి నా పేరు వెతుక్కోవడం అలవాటైపోయింది. చివరికి ప్రమోషన్ వచ్చింది. తెనాలిలో ఇల్లు, పద్దెనిమిది కిలోమీటర్ల అవతల జిల్లా పరిషత్ హైస్కూలు. 391 మంది పిల్లలు, 22 మంది స్టాఫు. మా ఆయన స్వీటు డబ్బా తెచ్చారు. అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసి “కంగ్రాట్స్ గెజిటెడ్ ఆఫీసర్ గారూ” అంది. అత్తయ్య ఒక్కరే అసలు సంగతి అడిగారు: “జీతం ఎంత పెరుగుతుందమ్మా?” చెప్పాను. “అంతేనా! దానికా ఇంత హడావుడి?” అన్నారు.

అత్తయ్య లెక్క ఎప్పుడూ తప్పదని తర్వాత తెలిసింది.

నాలుగున్నరకి అలారం

టీచరుగా ఉన్నప్పుడు ఐదున్నరకి లేచేదాన్ని. ఇప్పుడు నాలుగున్నర. కుక్కరు పెట్టి, కూర తరుగుతూ ఒక కన్ను ఫోన్ మీద. మీ ఇళ్లలో పొద్దున్నే సుప్రభాతం మోగుతుందేమో, మా ఇంట్లో వాట్సాప్ మోగుతుంది. ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను, హెడ్మాస్టర్ల గ్రూపు, మండలం గ్రూపు, క్లస్టర్ గ్రూపు, మధ్యాహ్న భోజనం గ్రూపు, పదో తరగతి గ్రూపు, మా స్టాఫు గ్రూపు... మొత్తం పదకొండు. అన్నిట్లోనూ ఒకే మాట: అర్జెంటు. రాత్రి పదింటికి వచ్చిన మెసేజికి పొద్దున ఎనిమిదింటికల్లా జవాబు కావాలి. ఒకసారి పోపులో ఆవాలకి బదులు మెంతులు వేశాను. మా ఆయన తిని ఏమీ అనలేదు. ఆయన అలా ఏమీ అనకపోవడమే నాకు భయం.

ఎనిమిదింపావుకి స్కూటీ మీద బయల్దేరితే ఎనిమిది నలభైకి గేటు దగ్గర ఉంటాను. ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. సిగ్నల్ రాకపోతే ఫోను ఎత్తి పట్టుకుని వేపచెట్టు కిందికి నడవాలి. గెజిటెడ్ హెడ్మిస్ట్రెస్ వేపచెట్టు కింద నిలబడి ఫోనుకేసి చూస్తూ రెప్పలు కొడుతుంటే ఆరో తరగతి పిల్లలు గేటు పట్టుకుని చూస్తారు. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు వాళ్లకీ అలవాటైంది, నాకూ అలవాటైంది.

తొమ్మిదింటికి ప్రార్థన. పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెబుతుంటే నాకు ఒక విషయం గుర్తొస్తుంది. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో దాన్ని రాసినప్పుడు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారి. ఇన్నేళ్లూ ఈ సంగతిని జనరల్ నాలెడ్జి ప్రశ్నగా పిల్లలకి చెప్పానే తప్ప పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ‘అయ్యా, మీరూ ఆ శాఖవారేగా, ఈ నెల మా బిల్లు గట్టెక్కించండి’ అని మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఎందుకంటారా? హైస్కూలు హెడ్మాస్టరు అంటే స్టాఫు జీతాల బిల్లులు పెట్టే అధికారి కూడా. మొదటి నెలలోనే నా పరువు పోయింది. బదిలీల్లో మా బడికి తొమ్మిదిమంది కొత్త టీచర్లు వచ్చారు. ఒక్కొక్కరి పాత జీతం సర్టిఫికెట్టు చూసి వివరాలు ఎక్కించాలి. ఇద్దరివి తప్పు ఎక్కించాను. బిల్లు అభ్యంతరంతో తిరిగొచ్చింది. అందరికీ జీతాలు మూడు రోజులు ఆలస్యం. స్టాఫ్‌రూములోకి నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఒక టీచరమ్మ మాత్రం నెమ్మదిగా “మేడమ్, ఐదో తేదీ మా ఇంటి లోను కట్ అవుతుందండీ” అంది. లెక్కల టీచర్ని! పదో తరగతిలో ఒక్క మార్కు తప్పు కూడితే పిల్లల్ని నిలబెట్టినదాన్ని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు మా జూనియర్ అసిస్టెంట్ కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, చిన్నపిల్లలా మొత్తం నేర్చుకున్నాను. ఆ అబ్బాయి వయసు మా అమ్మాయి కంటే నాలుగేళ్లు ఎక్కువ, అంతే. విసుక్కోకుండా చెప్పాడు.

అన్నం, గుడ్డు, అపారు

పదిన్నరకి వంటగది దగ్గరికి వెళ్తాను. పిల్లాడికి 150 గ్రాముల బియ్యం లెక్క. 352 మంది తింటే 52 కిలోల 800 గ్రాములు. కాటా ముందు నిలబడి తూకం చూడాలి, గుడ్లు లెక్కపెట్టాలి, వండాక ముందు నేను రుచి చూడాలి. మా రాష్ట్రంలో ఈ భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. ఆవిడ ఎంతమందికి పెట్టారో రాత్రికి యాప్‌లో ఎక్కించాల్సి వస్తే ఏమనేవారో! వంటమ్మలు ఐదుగురూ పొద్దున్నే వస్తారు. వాళ్లలో పెద్దావిడ నన్ను చూస్తే “కాస్త తిని పొండి మేడమ్ గారూ, మొహం వాడిపోయింది” అంటుంది. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో నా గురించి అడిగే మనిషి ఆవిడ ఒక్కతే.

ఈలోగా ఆఫీసు ముందు తల్లిదండ్రులు. అపార్ నంబరు కోసం బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒక్కలాగే ఉండాలి. మన తెలుగు పేర్ల సంగతి మీకు తెలుసుగా! లక్ష్మికి ఒకచోట దీర్ఘం ఉంటుంది, మరోచోట ఉండదు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక. ‘వెంకట’ కొందరికి పేరులో ఉంటుంది, ఆధార్‌లో మాయమవుతుంది. పత్తి చేలో కూలి మానుకుని వచ్చిన తల్లితో “మళ్లీ ఆధార్ సెంటరుకి వెళ్లాలమ్మా” అని చెప్పడం నా వంతు. ఆవిడ రోజు కూలి పోతుంది. ఆ పేరు అలా రాసింది ఆవిడా కాదు, నేనూ కాదు.

ఇన్నిటి మధ్య నేను పోగొట్టుకున్నది ఒకటుంది. పాఠం. హెడ్మాస్టరు కూడా వారానికి కొన్ని పీరియడ్లు చెప్పాలి. కాగితం మీద చెబుతున్నట్టే ఉంది. కానీ సగం సార్లు చాక్‌పీస్ పట్టుకోగానే ఫోన్ వస్తుంది, లేదా గుమ్మం దగ్గర ఎవరో నిలబడతారు. జూలై, ఆగస్టు నెలల్లో నేను వరసగా నలభై నిమిషాలు క్లాసులో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, “కోరుకున్నదేగా” అన్నారు. అవును, కోరుకున్నదే.

సగటు రెండు గ్లాసులు

సెప్టెంబరులో ఒక శుక్రవారం. పదో తరగతి లెక్కల మాస్టారు సెలవు. ఆ పీరియడ్ ఇంకెవరికీ వెయ్యలేదు, నేనే వెళ్లాను. ఫోన్ జూనియర్ అసిస్టెంట్ చేతిలో పెట్టి, “కలెక్టరుగారు చేసినా సరే, నలభై నిమిషాలు నేను లేను” అన్నాను.

సాంఖ్యక శాస్త్రం, సగటు. పుస్తకంలో లెక్క బదులు పిల్లల లెక్కే వేద్దామనిపించింది. పాత అలవాటు నాది. పిల్లలు ఎన్ని కిలోమీటర్లు నడిచొస్తారు, ఇంట్లో ఎంతమంది ఉంటారు అని అడిగి ఆ అంకెలతోనే చేయించేదాన్ని. ఆ రోజు ఎండగా ఉంది, నాకే దాహమేస్తోంది. “బడిలో ఉన్నంతసేపూ, అంటే తొమ్మిది నుంచి నాలుగు దాకా, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారో చీటీ మీద రాయండి. పేరు అక్కర్లేదు, అబ్బాయా అమ్మాయా అని రాస్తే చాలు” అన్నాను.

38 చీటీలు వచ్చాయి. బోర్డు మీద పట్టిక గీసి పిల్లల చేతే కూడించాను. మొత్తం 77 గ్లాసులు. 38తో భాగిస్తే సగటు రెండు, కొంచెం ఎక్కువ. “ఫర్వాలేదు” అంటూ వెనక్కి తిరిగాను. ముందు బెంచీ కుర్రాడు, వాడికి నోరు ఊరుకోదు, “మేడమ్, అబ్బాయిలది విడిగా చేద్దామండీ” అన్నాడు. సరేనన్నాను. అబ్బాయిలు 18 మంది, 63 గ్లాసులు. సగటు మూడున్నర. అమ్మాయిలు 20 మంది. 14 గ్లాసులు.

ఇరవై మంది ఆడపిల్లలకి పద్నాలుగు గ్లాసులు! చీటీలు మళ్లీ చూశాను. తొమ్మిది చీటీల మీద సున్నా ఉంది.

“సున్నా ఏమిటర్రా? దాహం వెయ్యదా?” అన్నాను. అబ్బాయిలు నవ్వారు. ఆడపిల్లలు నవ్వలేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. ఆ తలలు దించుకోవడం నాకు తెలుసు. ఎక్కడ చూశానో వెంటనే గుర్తు రాలేదు.

బెల్లు కొట్టాక అబ్బాయిల్ని పంపేసి ఆడపిల్లల్ని ఉండమన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి కిటికీ పక్కనున్న పిల్ల లేచి, “నీళ్లు తాగితే వెళ్లాలి కదండీ... బాత్రూములకి గడియల్లేవండీ” అంది.

అంతే. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. ఇద్దరిద్దరు కలిసి వెళ్తారట, ఒకళ్లు లోపలికెళ్తే ఒకళ్లు తలుపు పట్టుకుంటారట. తోడు దొరక్కపోతే సాయంత్రం దాకా ఆగడమే. ఒక పిల్ల, “మా అమ్మ నాకు బాటిల్ నింపి ఇస్తుందండీ, నేను ఇంటికెళ్లే ముందు పంపు దగ్గర పారబోస్తానండీ, లేకపోతే అమ్మ తిడుతుంది” అంది.

వాళ్లతో కలిసి అప్పుడే వెళ్లాను. ఆడపిల్లలకి ఐదు మరుగుదొడ్లు. ఐదింటికీ టైల్స్ ఉన్నాయి, నీళ్లు వస్తున్నాయి, మా ఆయా శుభ్రంగా కడిగి పెట్టింది. నేను లోపలికెళ్లి తలుపు వేసుకున్నాను. ఒకటి, రెండు... మూడింటికి గడియ లేదు. గడియ ఉన్న చోట నాలుగు మరల గుర్తులు మిగిలాయి, అంతే. ఒకదానికి తలుపు కింద ముక్క ఊడిపోయి గుండ్రంగా బెజ్జం.

చేరి నాలుగు నెలలు. వారానికోసారి అటు వెళ్లి, బయట నిలబడి, నేల మెరుస్తోందా లేదా అని చూసి వచ్చాను. ఒక్కసారి కూడా లోపలికెళ్లి తలుపు వేసుకోలేదు. నాకేం, ఆఫీసు పక్కనే స్టాఫు బాత్రూము ఉంది. దానికి గడియ ఉంది, గుత్తిలో దాని తాళంచెవీ ఉంది!

ఇంతకంటే సిగ్గుపడే విషయం ఇంకోటి ఉంది. నేను టీచరుగా ఉన్న రోజుల్లో, 2024లో ఆ బాధ్యత టీచర్ల మీదనుంచి తీసేసేదాకా, మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. నేల ఫొటో తీశాను, గోడ ఫొటో తీశాను. గడియ ఫొటో తీసిన గుర్తు లేదు. 2021లో ఆడపిల్లలకి ప్యాడ్లు ఇచ్చే పథకం మొదలైనప్పుడు నా చేత్తో పంచిపెట్టాను. మార్చుకోవడానికి తలుపు పడుతుందా అని ఒక్క పిల్లనీ అడగలేదు. ఇప్పుడు హెడ్మిస్ట్రెస్‌గా యూడైస్ ఫారం నింపాల్సి వస్తే? ఆడపిల్లల మరుగుదొడ్లు ఎన్ని, వాటిలో పనిచేసేవి ఎన్ని అని రెండు గళ్లుంటాయి. రెండింట్లోనూ ఐదు అని రాసి ఉండేదాన్ని. పనిచేయడమంటే నీళ్లుండాలి, శుభ్రంగా ఉండాలి అనే కాదు, తలుపు వేసుకోగలిగేలా ఉండాలని కూడా ఆ ఫారం వివరణలోనే ఉంది. నేను ఆ వివరణ చదివిందీ ఆ రోజు సాయంత్రమే.

అత్తయ్య చెప్పిన సంగతి

రాత్రి అన్నాల దగ్గర ఈ విషయం చెబితే మా ఆయన “అయ్యో” అన్నారు. అత్తయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. మజ్జిగ కలుపుకుంటూ, “మేం తాగేవాళ్లమా? చీకటి పడితే గానీ చేలగట్టుకి వెళ్లేది లేదు. మధ్యాహ్నం నుంచి నోరు కట్టుకునే వాళ్లం. మా అక్కకి అలాగే ఒంట్లో మంట జబ్బు వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక నానా అవస్థా పడింది” అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నా పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఈ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, తలలు దించుకోవడం ఎక్కడ చూశానో. నా మొదటి ఉద్యోగం. 2001లో, ఒక పల్లెటూరి బడి. మరుగుదొడ్డి లేదు. మేం ఇద్దరం ఆడ టీచర్లం. ఎదురింటి వాళ్లని బతిమాలుకుని వెళ్లేవాళ్లం, అదీ ఆ ఇంటి పెద్దాయన లేనప్పుడు. అందుకే మధ్యాహ్నం నుంచి నీళ్లు మానేసేవాళ్లం. ‘మీరు మంచినీళ్లు తాగరేం టీచరుగారూ’ అని హెడ్మాస్టరుగారు అడిగితే ఇద్దరం తలలు దించుకున్నాం. ఆయన చాలా మంచివాడు. మళ్లీ అడగలేదు.

ఇరవై నాలుగేళ్లలో నేను అదెలా మర్చిపోయానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు శనివారం, పదో తరగతి హాజరుపట్టీ తీసుకుని కూర్చున్నాను. రోజూ సంతకం పెట్టే పట్టీయే. ఈసారి అడ్డంగా కాకుండా నిలువుగా, నెలలు పక్కపక్కన పెట్టి చూశాను. ఏడుగురు ఆడపిల్లల పేర్ల ఎదురుగా రెండేసి, మూడేసి రోజుల గైర్హాజరు, ఇంచుమించు నాలుగు వారాలకోసారి. జూలైలో ఉంది, ఆగస్టులో ఉంది, సెప్టెంబరులో ఉంది. ‘ఈ పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదు’ అని ఆగస్టు స్టాఫు మీటింగులో అన్నది నేనే. మినిట్స్ పుస్తకంలో రాసి ఉంది, కింద నా సంతకం ఉంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. నెలకి మూడు రోజుల చొప్పున పోతే ఎన్ని పాఠాలు పోతాయో లెక్కల టీచర్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగు గడియలు, ఒక గొడవ

పద్ధతి ప్రకారమైతే కమిటీ తీర్మానం, కొటేషన్లు, తర్వాత కొనుగోలు. అవన్నీ తర్వాత రాసుకుందాంలే అని శనివారం సాయంత్రమే తెనాలి బజార్లో నాలుగు గడియలు కొన్నాను. ఒక్కోటి తొంభై రూపాయలు. ఒకటి ఎక్కువే కొన్నాను, ఊడుతుందని తెలుసు కాబట్టి. ఆదివారం వడ్రంగి వచ్చాడు. ఎనిమిదో తరగతి పిల్ల తండ్రి. తలుపులు చూసి పెదవి విరిచాడు. “ప్లాస్టిక్ తలుపు మేడమ్, మర పట్టదు. వెనకాల చెక్క పెట్టి బిగించాలి” అన్నాడు. రెండు సాయంత్రానికి అయ్యాయి. మూడోదానికి తలుపే మార్చాలన్నాడు. బెజ్జం ఉన్నదానికి రేకుముక్క కొట్టాడు. కూలి ఆరువందలు తీసుకున్నాడు. తగ్గించమని నేను అడగలేదు, వద్దని అతనూ అనలేదు. అదే నాకు బాగా అనిపించింది.

గడియలు పెడితే అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఇంటర్వెల్ పది నిమిషాలు. ఆడపిల్లలు 188 మంది. దొడ్లు ఐదు. కాగితం మీద వేసి చూడండి: ఒక్కొక్కరికి పదహారు సెకన్లు. గడియ ఉన్నవి రెండే అయినప్పుడు ఆరు సెకన్లు! చున్నీ సర్దుకోవడానికే చాలదు. అందుకని ఆరు, ఏడు తరగతులకి ఒక ఇంటర్వెలు, ఎనిమిది నుంచి పది దాకా ఇంకో ఇంటర్వెలు, పావుగంట తేడాతో పెడదామన్నాను.

స్టాఫు మీటింగులో గొడవ మొదలైంది. మా సీనియర్ సోషల్ మాస్టారు, నేను రాకముందు కొన్నాళ్లు ఇన్‌ఛార్జిగా చేసినవారు, “టైమ్ టేబుల్ మొత్తం పాడవుతుంది మేడమ్. ఒక బ్యాచ్ బయట అల్లరి చేస్తుంటే ఇంకో బ్యాచ్‌కి పాఠం ఎలా చెప్తాం? ఇన్నేళ్ల నుంచి లేని సమస్య ఇప్పుడెందుకొచ్చింది?” అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయన అన్నదాంట్లో మొదటి సగం నిజం కూడా. నేను వాదించలేదు. బోర్డు దగ్గరికెళ్లి 188, 5, 600 అని మూడు అంకెలు రాసి, భాగహారం చేసి, కూర్చున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లోను కట్ అవుతుందన్న టీచరమ్మే ముందు నోరు విప్పింది. “సార్, నేనూ చిన్నప్పుడు ఈ ఊరి బడిలోనే చదివాను. అప్పుడూ ఉంది ఈ సమస్య. మీకు చెప్పలేదంతే” అంది.

పదిహేను రోజులు చేసి చూద్దామన్నారు. ఇప్పుడు నాలుగు నెలలైంది, అలాగే నడుస్తోంది. అల్లరి ఉంది, నిజమే. పీఈటీ మాస్టారు ఈల వేస్తూ తిరుగుతుంటారు.

మూడో తలుపు డబ్బు కోసం కమిటీ ముందు పెట్టాను. కమిటీలో తల్లులు ఎక్కువ. నేను రెండు వాక్యాలు చెప్పేలోపే తీర్మానం పాసైంది. నవంబరులో తలుపు వచ్చింది. రేకు కొట్టిన తలుపు మాత్రం వాన తగిలి మళ్లీ వంకరపోయింది. అది సంక్రాంతి వెళ్లాక మారుస్తానని వడ్రంగి మాటిచ్చాడు. ఈ మాట సంక్రాంతికి ముందు కూడా ఇచ్చాడు.

డిసెంబరులో అదే పదో తరగతికి మళ్లీ చీటీలు ఇచ్చాను. అమ్మాయిల మొత్తం 46 గ్లాసులు, సగటు రెండుం పావు దాటింది. అబ్బాయిలు మూడున్నర దగ్గరే ఉన్నారు. చీటీల్లో సున్నాలు రెండు ఇంకా ఉన్నాయి. ఆ ఇద్దరూ ఎవరో తెలియదు, పేర్లు అడగనని మాటిచ్చాను. ఏడుగురు పిల్లల్లో నలుగురు ఇప్పుడు ఆ మూడు రోజులూ వస్తున్నారు. మిగిలిన ముగ్గురివి వేరే కారణాలు. ఒకమ్మాయికి కడుపునొప్పి బాగా వస్తుందట, వాళ్లమ్మని పిలిచి తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాను. ఒకమ్మాయిని ఆ రోజుల్లో ఇల్లు కదలనివ్వరు. ఆ ఇంటికి నేను రెండుసార్లు వెళ్లాను. నాయనమ్మగారు కాఫీ ఇచ్చారు, మాట మాత్రం ఇవ్వలేదు. మళ్లీ వెళ్తాను.

ఫోన్లు తగ్గాయనుకుంటున్నారా? నిన్న రాత్రి తొమ్మిదీ నలభైకి కూడా ఒక అర్జెంటు వచ్చింది. అత్తయ్య, “ఆ ఫోన్ని కూడా ఒక గదిలో పెట్టి గడియ వెయ్యరాదూ” అన్నారు.

ఇప్పుడు సోమవారం పొద్దున తూకం కంటే ముందు నాకు ఇంకో పని. ఐదు దొడ్లలోకీ వెళ్లి, లోపలినుంచి గడియ వేసి చూసి రావడం. మొన్న సోమవారం కాస్త ఆలస్యమై, చిన్నపిల్లల ఇంటర్వెల్ బెల్లు కొట్టేశారు. నేను రెండోదాంట్లో ఉన్నాను, గడియ కాస్త బిగుసుకుంటే కదుపుతున్నాను. బయటనుంచి తలుపు దబదబా బాదుతున్నారు.

“ఎవరే లోపల? ఎంతసేపే! తొందరగా రావే!”

“నేనేనే” అన్నాను.

ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత చెప్పులు టపటపలాడుతూ పరుగెత్తిన చప్పుడు, వేపచెట్టు దాకా వినిపించింది.